ఐదో మచ్చ

నలభై నత్తల్లో పదకొండు కుడివైపు పై మలుపు దగ్గర ఆగిపోయాయి. మిగతావి గోడను కరుచుకుని పాకుతూనే ఉన్నాయి.

గరికిన నూకరత్నం వెల్లకిలా పడుకుని, ఎదుటి తెరమీద తన పెద్దపేగును తానే చూసుకుంటోంది. లేత బూడిదరంగు సొరంగం, అందులో మిణుకుమిణుకుమంటూ ఆకుపచ్చ చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో నత్త. లోపల అవి కదులుతున్న సంగతి ఆమెకేమీ తెలియడం లేదు. నడుముకి కట్టిన వెడల్పాటి బెల్టు మాత్రం కాస్త వెచ్చగా ఉంది.

"అవి ఆగిపోనాయేటి, డాక్టరమ్మా?" అంది.

"ఆగిపోలేదు రత్నం గారూ. వాటికేదో దొరికింది," అంది డాక్టర్ హిమజ, తెరమీంచి చూపు తిప్పకుండా.

పదకొండు చుక్కలూ ఒకచోట గుమిగూడి ఎర్రగా మారాయి. "ఒకటి," అంది హిమజ. కాసేపటికి ఇంకా కింద, మరోచోట, "రెండు." గంటన్నరలో లెక్క ఐదుకి చేరింది. ఒక్కో అంకె వినబడ్డప్పుడల్లా రత్నం కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే ముడిచింది. ఐదోది ముడిచాక పిడికిలి అలాగే బిగించి ఉంచుకుంది.

రత్నం విశాఖ రేవులో క్రేన్ నడుపుతుంది. ఓడల్లోంచి కంటైనర్లు దింపే పెద్ద క్రేన్. నేలకి నలభై మీటర్ల ఎత్తున గాజు గదిలో కూర్చుని, కాళ్ల కింద సముద్రం చూస్తూ పనిచేయాలి. రేవులో సగం క్రేన్లు మనుషుల్లేకుండానే నడుస్తున్న రోజులవి. గాలి ఎక్కువున్నప్పుడు మాత్రం మనిషి చెయ్యే కావాలని అధికారులకి తెలుసు. ఆ చేతుల్లో రత్నం చేతికి పేరుంది.

అంత ఎత్తున మరుగుదొడ్డి లేదు. ఆమె ప్రాణానికి అదే గండం. పంతొమ్మిదేళ్లుగా ఆమెకి అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపలి పొరని శరీరం తనదే అని గుర్తుపట్టక తానే కాల్చుకునే జబ్బు. పొర పుండుపడుతుంది, రక్తం కారుతుంది, రోజుకి పదిసార్లు పరుగు. క్రేన్ గదిలోంచి లిఫ్టులో దిగి షెడ్డు వెనక్కి చేరేసరికి ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలు ఆగని రోజులెన్నో. సీటు వెనకాల ఎప్పుడూ రెండు జతల బట్టలుండేవి. పనిలోకి వెళ్లే రోజుల్లో దిగేదాకా మెతుకు ముట్టేది కాదు.

ఇలాంటి పేగు ఏళ్ల తరబడి కాలుతూ మానుతూ ఉంటే, మానిన చోట కణాలు దారితప్పుతాయి. పెరుగుదలలు మొదలవుతాయి. మామూలు మనిషి పేగులో అవి పుట్టగొడుగుల్లా కాడతో లేస్తాయి. డాక్టర్లు కెమెరా గొట్టం పంపి, తీగ వేసి కత్తిరించేస్తారు. కొలైటిస్ ఉన్నవాళ్లలో తరచూ అలా లేవవు. గోడకి చెమ్మ పట్టినట్టు బల్లపరుపుగా పరుచుకుంటాయి. మచ్చ ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో కంటికి అందదు. కింద పాత పుండ్ల మచ్చలు అతుక్కుని ఉండటంతో ఒలవడమూ కష్టమే. అవి రెండు మూడు చోట్ల కనబడితే, కేన్సర్ కాకముందే పెద్దపేగంతా తీసేయమంటారు.

రత్నం అన్న ఎల్లాజీకీ ఇదే జబ్బు. ఆరేళ్ల కిందట అతనికి పేగు తీశారు. ఏడో రోజు దాకా బాగానే ఉన్నాడు, ఇడ్లీ కూడా తిన్నాడు. ఎనిమిదో రోజు లోపల కుట్టు వదిలింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం రత్నం చేతిలో చెయ్యి పెట్టి పోయాడు. వందలో ఒకరిద్దరికి అలా అవుతుందని, ఎవరి తప్పూ లేదని పెద్ద డాక్టరు చాలాసేపు వివరించాడు. అబద్ధం చెప్పాడని రత్నం అనుకోలేదు. కానీ ఆ ఒక్కడూ తన అన్నే అయ్యాడు. అందుకే కిందటి నెల తన పేగులోనూ పెరుగుదలలున్నాయని తేలి, ఆపరేషన్‌కి సంతకం పెట్టమన్నప్పుడు ఆమె కాగితం బల్లమీదే వదిలేసి లేచి వచ్చేసింది.

"సస్తే నా పేగుతోనే సస్తాను," అంది మొగుడితో.

మొగుడు తాతారావు ఫిషింగ్ హార్బరులో ఐస్ ఫ్యాక్టరీ మేస్త్రీ. వారంలోపే భీమిలి రోడ్డు మీది పరిశోధన కేంద్రం సంగతి ఎవరి ద్వారానో తెలుసుకుని, ఆమెను హిమజ ముందు కూర్చోబెట్టాడు.

హిమజ పదేళ్లు నత్తల మీదే పనిచేసింది. మినపగింజంత ఉండే మెత్తటి ముద్ద అది. సగం జెల్, సగం ప్రాణమున్న కణాలు. మధ్యలో ఉప్పురవ్వంత చిప్. ఒంటివేడితోనే నడుస్తుంది.

"పేగు కాలుతున్నప్పుడు కొన్ని రసాయనాలు వదులుతుంది రత్నం గారూ. వాటి వాసన పట్టుకుని నత్త నడుస్తుంది," అని తొలిరోజే చెప్పింది. "చెడ్డ పెరుగుదలలు ఆ కాలిన చోటే దాక్కుంటాయి. నత్త ఒక్కో కణాన్నీ రుచి చూస్తుంది. దారితప్పిన కణం తగిలితే మిగతా నత్తల్ని పిలుస్తుంది. అన్నీ కలిసి ఆ పొరని సన్నగా గీకి తినేస్తాయి. వెనకాల జిగురు పూసుకుంటూ పోతాయి. ఆ జిగురుకి పుండు మానుతుంది."

"కత్తి లేదు కదా?"

"కత్తి లేదు."

"అయితే ఎక్కడ సంతకం పెట్టాల?"

నత్తల్ని లోపలికి వదిలిన ఆ రోజు తెరమీద దొరికిన ఐదు మచ్చల్లో నాలుగింటిని నత్తలు సాయంత్రానికి గీకేశాయి. ఐదోది ఎడమ పై మలుపు ముడతలో ఉంది. అన్నిటికన్నా చెడ్డది అదేనని నత్తల సంకేతం చెప్పింది. అప్పటికే గోడ చాలాచోట్ల పలచబడింది కాబట్టి ఒకేరోజు మరీ గీకిస్తే చిల్లుపడుతుందని హిమజ ఆపేసింది. నత్తలు లోపలే ఉంటాయి. రెండు వారాల తర్వాత మళ్లీ పని చేయిద్దామంది.

ఆ రెండు వారాల్లో రత్నం జీవితమే మారిపోయింది. మూడో రోజుకి రక్తం ఆగింది. ఆరో రోజుకి కడుపులో మెలిక పోయింది. పదో రోజున పనిలోకి వెళ్లింది. మధ్యాహ్నం తాతారావు ఫోన్ చేశాడు.

"దిగినావేటి?"

"నేదు మావా."

"పొద్దున్నించీ?"

"పొద్దున్నించీ నేదు. ఇదిగో, కూకున్నాను. ఓడ సగం కాళీ సేసీసినాను." గాజులోంచి కిందికి చూసింది. "సముద్రం ఇంత బాగుంటాదని నానెప్పుడూ సూడనేదు మావా. ఎప్పుడూ టైమే సూసుకున్నాను."

ఆ రోజు ఎనిమిది గంటలూ పైనే ఉంది. ఇంటికి వచ్చి, పంతొమ్మిదేళ్లుగా వాసన మాత్రమే చూసిన నెత్తళ్ల చేపల వేపుడు కారంకారంగా రెండు పళ్లేలు తింది. తాతారావు ఎదురుగా కూర్చుని, తను తినడం మర్చిపోయి చూశాడు.

పదిహేనో రోజు మళ్లీ అదే బల్ల, అదే తెర. నలభై చుక్కలూ బూడిదరంగులో ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు.

హిమజ బెల్టు సర్దింది. సంకేతం పెంచింది. చిప్‌లన్నీ బాగానే పనిచేస్తున్నాయి. కెమెరా గొట్టం పంపి లోపల చూసింది. పుండు లేదు, ఎరుపు లేదు. పసిపిల్ల నోటిలోపలిలా గులాబీరంగులో మెరుస్తోంది పేగు. ఆ అందం చూసి హిమజ ముఖం పాలిపోయింది.

"ఏటయినాది డాక్టరమ్మా? బాగుందా, బాగోనేదా?"

హిమజ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "మీ పేగు మానిపోయింది రత్నం గారూ. పూర్తిగా. నత్తల జిగురు నేననుకున్న దానికన్నా బాగా పనిచేసింది. ఇప్పుడు అక్కడ మంట లేదు. మంట లేదు కాబట్టి వాసన లేదు. వాసన లేదు కాబట్టి నత్తలు నిద్రపోయాయి."

"మరి ఐదోది?"

"ఎక్కడో అక్కడే ఉంది. ఆ మలుపు దగ్గర, జానెడు మేరలో. నాకు కనబడటం లేదు."

"మీకిది ముందు తెలీదా?"

ఆ ప్రశ్నలో కోపం లేదు. అందుకే హిమజకి జవాబు చెప్పడం కష్టమైంది. "ఇంతవరకూ ఎలకల మీదే ప్రయోగాలు చేశాను. ఎలకలకి ఈ జబ్బు తనంతట రాదు. తాగే నీళ్లలో మందు కలిపి రోజూ తెప్పించేవాళ్లం. వాటి పేగు ఒక్కరోజు కూడా మానలేదు. మానితే ఏమవుతుందో నేను చూడనేలేదు."

జానెడు మేరలో ముప్ఫైచోట్ల చిటికెడు చిటికెడు ముక్కలు తీసి పరీక్షకి పంపారు. ముప్ఫైలోనూ ఏమీ లేదు. కానీ నత్తలు పంపిన పాత సంకేతం చెరగలేదు. ఆ మచ్చ కేన్సర్‌కి ఒక్క మెట్టు కిందే ఉంది. వారం తర్వాత హిమజ దంపతులిద్దర్నీ కూర్చోబెట్టి ఆపరేషన్ ఒక్కటే దారి అని చెప్పింది.

"బాగున్న పేగుని కోసీమంటారా?" అన్నాడు తాతారావు.

"బాగున్నట్టు కనబడుతోంది తాతారావు గారూ. అంతే."

రత్నం నెమ్మదిగా అడిగింది. "మంటుంటే అవి లేస్తాయి కదా?"

"లేస్తాయి."

"అయితే మళ్లీ తెప్పించండి."

హిమజ ఉలిక్కిపడింది. "ఏమిటి?"

"నా జబ్బు. నాకు తిరిగి తెప్పించండి."

"డాక్టర్నండీ నేను. జబ్బు తెప్పించడానికి కూర్చోలేదు."

"ఎలకలకి తెప్పించారు కదమ్మా," అంది రత్నం.

హిమజ ఆ మాటని కేంద్రం నైతిక కమిటీ ముందు పెట్టింది. నాలుగు రోజులు కమిటీ వాదించుకుంది. చివరికి ఒక్కదానికే ఒప్పుకుంది. జబ్బు రావడానికి ఏ మందూ ఇవ్వరు. పంతొమ్మిదేళ్లుగా వాడుతున్న మాత్రలు మాత్రం ఆపేస్తారు. నలభై రోజులు చూస్తారు. నలభై ఒకటో రోజున ఆపరేషన్. రత్నం ఈసారి ఆపరేషన్ కాగితం మీద కూడా సంతకం పెట్టింది.

మొదటి వారం ఆమె ధీమాగానే ఉంది. ఒక్కపూట మాత్ర మర్చిపోతే మర్నాటికల్లా రక్తం చూపించిన ఒళ్లు ఇది. ఎంతసేపు? కానీ వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. పొద్దున్నే మరుగుదొడ్డిలోంచి బయటికి వచ్చేసరికి తాతారావు గుమ్మంలో నిలబడి ఉండేవాడు. ఆమె తల అడ్డంగా ఆడించేది. అతను కళ్లు దించుకుని చొక్కా తొడుక్కునేవాడు.

పదిహేడో రోజునుంచి ఆమె డాక్టరుకి చెప్పకుండా ఏవేవో చేసింది. పచ్చిమిరపకాయలు తుంచి అన్నంలో కలుపుకుని ఏడుస్తూ తింది. పాలు పడని మనిషి చెంబెడు పాలు తాగింది. నిద్ర చెడగొట్టుకుంది. మనసు పాడైనప్పుడల్లా జబ్బు తిరగబెట్టడం ఆమెకి అనుభవమే. అందుకని ఒకరోజు పొద్దున్నే మొగుడితో కావాలని గొడవ పెట్టుకుంది. పెళ్లిలో వాళ్లమ్మ అన్న మాటలనుంచి మొదలెట్టింది.

తాతారావు కాసేపు బిత్తరపోయి, సంగతి అర్థమయ్యాక ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. "తిట్టు. ఇంకా తిట్టు. మీ అన్నయ్యని ఆపరేషన్‌కి ఒప్పించింది నానే, ఆ సావు నావల్లే అన్నావు కదా ఒకపాలి, అది కూడా అను."

ఆమె అతని మోకాళ్ల మీద తల పెట్టి భోరుమంది. ఆ ఏడుపుకి కూడా పేగు కదల్లేదు. మర్నాడు అంతే నున్నగా, అంతే ఆరోగ్యంగా ఉంది.

ఇరవయ్యారో రోజున నూకాలమ్మ గుడికి వెళ్లింది. రక్తం ఆపమని ఆ తల్లికి మొక్కిన మొక్కులు లెక్కలేనన్ని. పూజారి రత్నం ముఖం చూసి, "నీ మొక్కు తీరినట్టుంది కదమ్మా, ఒళ్లు చేశావు," అన్నాడు సంతోషంగా. ఆమె హారతి కళ్లకద్దుకుంది. "ఇచ్చింది తీసీసుకో తల్లీ," అని మాత్రం అనగలిగింది, అదీ పెదవులతోనే.

ముప్ఫై నాలుగో రోజు. పదకొండు గంటలప్పుడు రత్నం క్రేన్ గదిలో ఉంది. కంటైనరు గాల్లో ఉంది. పొట్ట ఎడమపక్క ఎవరో వేలితో మెలిపెట్టినట్టయింది. ఊపిరి బిగబట్టింది. మళ్లీ మెలిక. పంతొమ్మిదేళ్లు శత్రువులా చూసిన ఆ నొప్పిని, అడుగుల చప్పుడు బట్టి సొంతమనిషిని పోల్చుకున్నట్టు, ఆమె పోల్చుకుంది. కంటైనర్ని జాగ్రత్తగా లారీ మీదికి దింపి, కొక్కెం విడిపించి, లిఫ్టు మీట నొక్కింది. ఆ ఐదు నిమిషాలూ పళ్లు కరుచుకుని, "రా, రా," అంటూనే ఉంది.

షెడ్డు వెనక మరుగుదొడ్డిలో చూసుకుంది. ఎర్రగా, చిక్కగా, అనుమానం లేకుండా రక్తం.

తలుపు బయటినుంచి ఎవరో కంగారుగా కొట్టారు. "రత్నమ్మా! ఏటి, ఏడుస్తున్నావేటి? అంబులెన్సుకి సెప్పమంటావా?"

ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియడం లేదు. ఫోన్ తీసి మొగుడికి చేసింది. "మావా! వచ్చీసినాది!"

అవతల ఐస్ గడ్డలు దొర్లే చప్పుడు. తర్వాత తాతారావు గట్టిగా ఏడ్వడం వినిపించింది.

సాయంత్రానికి మళ్లీ హిమజ బల్లమీద, నడుముకి కట్టిన బెల్టు కూసింది. తెరమీద బూడిద చుక్కలు ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. మలుపు ముడతలో గుమిగూడి ఎర్రబడ్డాయి. ఐదో మచ్చ ఈపాటికి అరచేతిలో సగమైంది. మూడు దఫాలుగా గీకించారు. అడుగున పరీక్ష చేస్తే గోడ లోతుకి దిగలేదని తేలింది. ఇంకో నెల ఆలస్యమైతే దిగేదేనంది హిమజ. ఈసారి నత్తలకి జిగురు పూసే పని తీసేసింది.

రత్నం బతికింది. కానీ ఒకసారి మచ్చలు పుట్టిన పేగులో మళ్లీ పుడతాయి. వాటిని కాసే నత్తలు మెలకువగా ఉండాలంటే పేగు కొద్దిగా కాలుతూనే ఉండాలి. మంట మరీ పెరగకూడదు, ఆరిపోనూ కూడదు. అందుకు సరిపడా మాత్రలు హిమజ కొలిచి ఇచ్చింది. రోజుకి నాలుగైదు సార్లు పరుగు తప్పదు. రేవువాళ్లు మర్యాదగానే మాట్లాడి ఆమెను క్రేన్ నుంచి దింపేశారు. గేటు దగ్గర లారీల నంబర్లు చూసే పని ఇచ్చారు. మరుగుదొడ్డి పక్కనే.

ఏడాది తిరిగేసరికి పరిశోధన కేంద్రంలో నత్తలు వేయించుకున్నవాళ్లు అరవైమంది అయ్యారు. వాళ్లలో జిగురు లేకపోయినా పేగు తనంతట మానిపోయి, ఇంకా మచ్చలు మిగిలిపోయినవాళ్లు పదిహేనుమంది దాకా ఉన్నారు. వాళ్లకోసం మేడమీద ఒక హాలు కేటాయించారు. అక్కడ పొద్దున్నే ఒకర్నొకరు పలకరించుకునే మాట, "పడిందా?" అని. పడినవాళ్లు మిఠాయి తెచ్చి పంచేవారు. పరీక్షకి వచ్చినప్పుడల్లా రత్నం అక్కడ కాసేపు కూర్చుని వెళ్లమని హిమజ అడిగేది. ధైర్యం చెప్పడానికి ఆమెను మించినవాళ్లు లేరు.

ఒకరోజు ఆ హాల్లో బొబ్బిలినుంచి వచ్చిన ఇరవై రెండేళ్ల అమ్మాయి కనబడింది. పేరు సౌగంధి. బుగ్గలు నిండి, కళ్లు మెరుస్తూ, జబ్బు మనిషంటే ఎవరూ నమ్మరు. పక్కన తల్లి తలపట్టుకుని ఉంది.

"ముప్ఫై తొమ్మిదో రోజమ్మా," అంది తల్లి. "పిల్ల రాయిలా ఉంది. చుక్క రక్తం లేదు. ఎల్లుండి ఆపరేషన్ అంటున్నారు."

రత్నం అమ్మాయి పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. "నాకు ముప్ఫై నాలుగో రోజున వచ్చినాది తల్లీ. నాను కూడా ఇలాగే సచ్చిపోయినట్టు కూకున్నాను."

"నాకు రాదేమో ఆంటీ."

"వస్తాది." రత్నం ఆమె తలమీద అరచెయ్యి ఆనించింది. కూతుళ్లకి పెళ్లిపీటల మీద దీవెన ఇచ్చేటప్పుడు ఆడవాళ్లకి వచ్చే గొంతు వచ్చింది ఆమెకి. "నీకు రక్తం పడాల తల్లీ. రేప్పొద్దున్నకల్లా పడాల."

తల్లి రెండు చేతులూ జోడించింది.

ఇంకేదో అనబోయి రత్నం ఆగింది. ముఖం ముడుచుకుపోయింది. పొట్ట పట్టుకుని చటాలున లేచి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, హాలు చివరి తలుపు వైపు పరిగెత్తింది.

సౌగంధి ఆ పరుగు కేసి కళ్లార్పకుండా, ఆశగా చూసింది.